ఒట్టొమన్లను ఎదిరించినవాడి ఒట్టొమన్ ఇల్లు

(హైదరాబాదులో చరిత్రాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేస్తూ మిత్రులు "యూరప్ భవనాల గురించి మాట్లాడతారు" అన్నారు. అంత పెద్ద మాట నేను మోయలేను. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది ఒకే ఒక ఇంటి గురించి. అది సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో, టోప్చిదేర్ అనే ఉద్యానవనంలో ఉంది. రెండంతస్తుల తెల్లటి ఇల్లు. ముందు ఒక మహావృక్షం. వృత్తిరీత్యా ముప్పై ఏళ్లకు పైగా ఇళ్లు కట్టించినవాణ్ని కాబట్టి ఏ ఇంటికి వెళ్లినా మొదట చూరు చూస్తాను, తరువాత కిటికీలు చూస్తాను, ఆ తరువాతే మనుషుల గురించి అడుగుతాను. ఇక్కడ ఆ అలవాటు పనికొచ్చింది. ఎందుకంటే ఈ ఇంటి గురించి గైడు చెప్పే కథ ఒకటి, ఇల్లు చెప్పే కథ ఇంకొకటి.

ముందుగా ఊరి పేరు. టోప్చిదేర్ అంటే ఏమిటి? టర్కీ భాషలో తోప్చు అంటే ఫిరంగి పేల్చేవాడు, దెరె అంటే వాగు, లోయ. ఫిరంగిదళం వాగు అన్నమాట. 1521లో టర్కీ ఒట్టొమన్ సామ్రాజ్యపు సుల్తాన్ సులేమాన్ బెల్‌గ్రేడ్‌ను ముట్టడించినప్పుడు ఆయన ఫిరంగులు ఈ లోయలో నిలిచాయని, అందుకే ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ తోప్ మనకు కొత్త మాట కాదు కదా. ఇక్కడికి కాస్త దూరంలోనే మన గన్‌ఫౌండ్రీ ఉంది. ఫ్రెంచివాడు రేమండ్ 1795లో నిజాం కోసం ఫిరంగులు పోతపోయించిన చోటు. దాని అసలు పేరు తోప్ కా సాంచా. టోప్చిదేర్ బోర్డు చూసినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది అదే.

ఒక్క తోప్ మాత్రమే కాదు. సెర్బియన్ భాషలో కొట్టును దుచాన్ అంటారు, మనది దుకాణం. చొక్కాకు ఉండేది జెప్, మనది జేబు. మెయ్‌దాన్ అంటే మైదానమే. సందుక్ అంటే సందూకు. అరబ్బీ, పారసీ మాటలు టర్కీ మీదుగా అటు బాల్కన్ కొండలు ఎక్కాయి, మరో దారిలో ఇటు దక్కను పీఠభూమికి వచ్చాయి. రెండు చోట్లా సంతలో, ఇంట్లో, కచేరీలో స్థిరపడ్డాయి. ఈ మాటల్లో ఒకటి మన ఇంటి నడిమధ్యనే ఉంది. దాని దగ్గరికి తరువాత వస్తాను.

ఇప్పుడు ఇంటి యజమాని. పేరు మిలోష్ ఒబ్రెనొవిచ్. పేద రైతు కొడుకు. చదవడం, రాయడం రాదు. పందుల వ్యాపారంతో డబ్బు చేసుకున్నవాడు. 1815లో తకొవో అనే పల్లెలో ఒట్టొమన్ పాలన మీద రెండో తిరుగుబాటు లేవదీశాడు. మొదటి తిరుగుబాటు 1804లో కరాజోర్జె అనే నాయకుడి కింద మొదలై తొమ్మిదేళ్లు నడిచి, 1813లో నెత్తురుమడుగులో ముగిసింది. మిలోష్ పాఠం నేర్చుకున్నాడు. కొద్ది నెలలే యుద్ధం చేశాడు, మిగిలిన పదిహేనేళ్లూ బేరం చేశాడు. పాషాలకు, అంటే ఒట్టొమన్ ఉన్నతాధికారులకు, కానుకలు ఇచ్చాడు, ఇస్తాంబుల్‌కు వినయంగా విజ్ఞప్తులు పంపాడు. 1817లో ప్రవాసం నుంచి రహస్యంగా తిరిగొచ్చిన కరాజోర్జెను చంపించి, అతని తలను సుల్తానుకు పంపాడు. అవును, తలనే. మంచివాడా చెడ్డవాడా అని నన్ను అడగకండి. సెర్బియావాళ్లే రెండు వందల ఏళ్లుగా తేల్చుకోలేకపోతున్నారు. (నవ్వులు)

బేరం ఫలించింది. 1830లో సుల్తాన్ రెండవ మహమూద్ ఫర్మానా జారీ చేశాడు. సెర్బియాకు స్వపరిపాలన, మిలోష్‌కు వంశపారంపర్య ప్రభుత్వం దక్కాయి. అయితే కప్పం కట్టాలి. బెల్‌గ్రేడ్ కోటలో సుల్తాను సైన్యం, పాషా ఎప్పటిలాగే ఉంటారు. అంటే ఊరు మిలోష్‌ది, ఊరి నెత్తిన ఉన్న ఫిరంగులు సుల్తానువి.

ఈ సంగతి తెలియకపోతే ఈ ఇల్లు ఊరి బయట ఎందుకుందో అర్థం కాదు. మిలోష్ అప్పటికే ఊరి నడుమ, ప్రధాన చర్చికి ఎదురుగా ఒక పెద్ద మేడ కట్టించాడు. 1829లో మొదలుపెట్టిన మేడ అది. అందులో భార్య ల్యూబిత్సా, పిల్లలు ఉన్నారు. ఇప్పటికీ దాన్ని ల్యూబిత్సా రాణి మేడ అనే పిలుస్తారు. కానీ కోట అక్కడికి కూతవేటు దూరం. ఫిరంగి గురి కింద రాత్రి నిద్ర పట్టే మనిషి కాడు మిలోష్. అందుకే 1831లో నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, కొండల మాటున ఉన్న టోప్చిదేర్ లోయలో కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. 1834 నాటికి ఇల్లు, దాని పక్కన పీటర్, పాల్ సాధువుల పేర చిన్న చర్చి సిద్ధమయ్యాయి.

ఆయన భయం వృథా భయం కాదని తరువాత తేలింది. 1862 జూన్‌లో ఒక వీధి కొళాయి దగ్గర నీళ్ల కోసం జరిగిన గొడవలో ఒట్టొమన్ సైనికుడి చేతిలో ఒక సెర్బియన్ కుర్రవాడు దెబ్బతిన్నాడు. గొడవ పెరిగి వీధి పోరాటమైంది. రెండు రోజులకు కోటలోంచి ఊరి మీద ఫిరంగులు పేలాయి. అప్పటికి మిలోష్ చనిపోయి రెండేళ్లు. చివరికి 1867లో ఆయన కొడుకు మిహాయిలో చేతికి కోట తాళాలు వచ్చాయి, సైన్యం వెళ్లిపోయింది.

సరే, ఇంట్లోకి పదండి. ఈ బొమ్మ చూడండి.

ఈ తరహా ఇంటిని అక్కడ కొనాక్ అంటారు. టర్కీ మాట. దిగడం, మజిలీ చేయడం అనే క్రియ నుంచి వచ్చింది. పెద్దవాళ్లు దిగే ఇల్లు. మన భాషలో దీనికి సరిగ్గా సరిపోయే మాట విడిది. ఆ తరువాత ఉన్నతాధికారి నివాసానికి, సంపన్నుడి మేడకు కూడా అదే పేరు స్థిరపడింది.

కట్టడం పనిని నడిపించినవాడు హాజీ నికొలా జీవ్‌కొవిచ్. మిలోష్‌కు ఆస్థాన శిల్పి లాంటివాడు. ఊళ్లోని ల్యూబిత్సా మేడ కట్టిందీ ఆయనే. పేరులో హాజీ ఉంది కాబట్టి ముస్లిం అనుకోకండి. బాల్కన్ క్రైస్తవుల్లో జెరూసలేం యాత్ర చేసి వచ్చినవాళ్లకు కూడా ఆ బిరుదు ఉండేది. ఆయనది దక్షిణాన వొదెన్ అనే ఊరు, ఇప్పుడది గ్రీసులో ఉంది. ఒట్టొమన్ సామ్రాజ్యం పొడవునా ఊరూరా తిరుగుతూ ఇళ్లు, వంతెనలు, మసీదులు, చర్చిలు కట్టిన మేస్త్రిల సంప్రదాయం ఆ ప్రాంతానిది. అటువంటి మేస్త్రిని సెర్బియన్‌లో నెయ్‌మార్ అంటారు. ఉర్దూ తెలిసినవాళ్లు గుర్తుపట్టే ఉంటారు, మన మేమార్.

ఆయనకు విశ్వవిద్యాలయ పట్టా లేదు. చేతిలో ఉన్నదల్లా ఇల్లు ఎలా ఉండాలన్న పరంపర. ఒట్టొమన్ ఇంటి పరంపరలో గుండెకాయ సోఫా. మన డ్రాయింగ్ రూములో కుషన్లు వేసుకుని కూర్చునే సోఫా పేరు అక్కడి నుంచి వచ్చిందే, కానీ టర్కీ ఇంట్లో సోఫా అంటే నడిమి హాలు. గదులన్నీ దాని చుట్టూ ఉండి దానిలోకే తెరుచుకుంటాయి. మన మండువా ఇంట్లో ఆకాశానికి తెరిచిన నడవ చుట్టూ గదులుంటాయి కదా, దాని మీద కప్పు వేసి, మంచు కురిసే దేశానికి తీసుకెళ్లినట్టు ఊహించుకోండి. గదులకు ప్రత్యేకమైన పనులు తక్కువ. పగలు కూర్చునే గదిలోనే గుండ్రటి పళ్లెం దింపి భోజనం చేస్తారు. రాత్రి గోడ అరలోంచి పరుపు తీసి అక్కడే పరుచుకుంటారు. మంచం, బల్ల, కుర్చీ అనేవి తరువాత వచ్చిన అతిథులు.

టోప్చిదేర్ కొనాక్‌లోనూ కింద ఒక నడిమి హాలు, పైన ఒక నడిమి హాలు. కింద అంతస్తులో పెద్ద పొయ్యి ఉన్న వంటగది, ప్రభువు పరివారం, కాపలావాళ్లు ఉండే గదులు. రెండు పాయలుగా చీలి పైకి వెళ్లే మెట్లు. పైన అతిథులను కలుసుకునే హాలు, దానికి ఆనుకుని ప్రభువు సొంత గదులు.

ఇప్పుడు నేను ఇందాక దాచిపెట్టిన మాట. పై హాలులోంచి బయటికి పొడుచుకొచ్చిన ఈ భాగం చూడండి. అర్ధ బహుభుజిలా ముందుకు తోసుకొచ్చింది, మూడు వైపులా కిటికీలే. దీని పేరు దివాన్‌హానా. మన దివాన్‌ఖానాయే! మన నోట దివాణం అనగానే జమీందారు కచేరీ, గుమాస్తాలు, శిస్తు లెక్కలు గుర్తొస్తాయి. అక్కడ ఆ మాట సుఖానికి మళ్లింది. భోజనమయ్యాక కాఫీ తాగుతూ, పొడుగాటి గొట్టంతో పొగాకు పీలుస్తూ, తోట చూస్తూ కబుర్లాడే చోటు దివాన్‌హానా. ఒకే మాట ఒక దేశంలో పన్ను వసూలు చేస్తుంటే, ఇంకో దేశంలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. నిజానికి అక్కడ కాలు మీద కాలు కాదు, బాసింపట్టు. (నవ్వులు)

ఈ కిటికీల దగ్గర ఒక నిమిషం ఆగుతాను. మనం కుర్చీలో కూర్చునే ఇల్లు కడితే కిటికీ గడప మూడడుగుల ఎత్తున పెడతాం. ఒట్టొమన్ ఇంట్లో గోడ పొడవునా జానెడో మూరెడో ఎత్తున ఒక చెక్క అరుగు ఉంటుంది, దాని మీద దూది పరుపులు, గోడకు ఆనించిన బాలీసులు. కిటికీ గడప ఆ అరుగు మీద కూర్చున్నవాడి మోచేతి లెక్కన మొదలవుతుంది. బాలీసు మీదికి ఒరిగి, మోచెయ్యి గడప మీద ఆనిస్తే కళ్ల ముందు తోటంతా ఉంటుంది. ఒక్క వైపు కాదు, మూడు వైపులా. తల తిప్పితే చాలు, ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో తెలిసిపోతుంది. హత్యలు చేయించినవాడికి, తనను హత్య చేస్తారేమోనని జీవితమంతా భయపడ్డవాడికి ఇంతకంటే తగిన ఆసనం ఏముంది? అందం కోసం పుట్టిన కిటికీ కాపలా కోసమూ పనికొచ్చింది.

బయటికి వచ్చి పైకప్పు చూడండి. నాలుగు వైపులా వాలిన పెంకుల కప్పు, గోడ దాటి బాగా ముందుకు వచ్చిన చూరు, కప్పులోంచి లేచిన పొగగొట్టాలు. ఆ చూరు నాకు మహా ఇష్టం. వానను, మంచును గోడకు తగలనివ్వదు. వేసవిలో పై కిటికీలకు నీడనిస్తుంది. ఈ రోజుల్లో మనం చూరు అనేదే మరిచిపోయి, గోడలు చెమ్మెక్కాయని రసాయనాలు పూస్తున్నాం. ఇది విషయాంతరం, వదిలేస్తాను.

కానీ ఇదంతా చూసి ఇది అచ్చమైన ఒట్టొమన్ ఇల్లు అనుకుంటే పొరపాటే. ఇంటి ముఖం చూడండి. నడిమి భాగానికి అటూ ఇటూ ఒకే కొలతతో, తక్కెడలో తూచినట్టు ఉంటుంది. పాత కొనాక్‌లు ఇంత క్రమంగా ఉండవు. అవసరం ఎటు పెరిగితే ఇల్లు అటు పెరుగుతుంది. గోడల అలంకరణలోనూ కొత్త రుచి కనిపిస్తుంది. సావా, డాన్యూబ్ నదులు దాటితే ఆస్ట్రియా సామ్రాజ్యం. అక్కడి పట్టణాల భవనాలు బెల్‌గ్రేడ్ ఒడ్డు మీద నిలబడితే కనిపిస్తాయి. హాజీ నికొలా కూడా చూసే ఉంటాడు. అందుకే ఇంటి ముఖం వియన్నా వైపు తిరగడం మొదలుపెట్టింది, కూర్చునే పద్ధతి మాత్రం ఇస్తాంబుల్‌దే. నా వృత్తిలో నేను గమనించింది కూడా ఇదే. ఇల్లు కట్టించుకునేవాడు మొదట మార్చేది ముందుగోడను. ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ వండాలి, ఎవరిని ఎక్కడిదాకా రానివ్వాలి అన్నవి మాత్రం తండ్రి కాలం నాటి లెక్క ప్రకారమే నడుస్తాయి.

మిలోష్ విషయంలో ఇది మరీ స్పష్టం. పావెల్ జుర్కొవిచ్ అనే చిత్రకారుడు 1824లో వేసిన ఆయన చిత్రం ఒకటి ఉంది. తలపాగాతో ఉంటాడు. పేరు తీసేసి చూపిస్తే ఎవరైనా పాషా అంటారు. ఒట్టొమన్ల మీద కత్తి దూసినవాడికి ప్రభువు అంటే ఎలా ఉండాలో తెలిసిన ఏకైక నమూనా పాషాయే. ప్రభువయ్యాక పాషాలా దుస్తులు వేసుకున్నాడు, పాషాలా ఇల్లు కట్టుకున్నాడు, పాషాలాగే జనం మీద పెత్తనం చేశాడు. ఆ చివరిదే కొంప ముంచింది. ఆయన నిరంకుశత్వం భరించలేక సొంత పెద్దలే అధికారాలకు కళ్లెం వేయాలని పట్టుబట్టారు. 1838లో సుల్తాను జారీ చేసిన శాసనం పదిహేడు మంది సభ్యుల మండలిని ఆయన నెత్తిన పెట్టింది. మిలోష్ 1839లో గద్దె దిగి దేశం విడిచి వెళ్లాడు. అంత ముచ్చటపడి కట్టించుకున్న ఇంట్లో అప్పటివరకు ఆయన ఉన్నది తక్కువే. అప్పటి రాజధాని క్రాగుయెవాత్స్ మరి.

ఆయన లేని ఇరవై ఏళ్లలో టోప్చిదేర్‌కు మంచే జరిగింది. అతనాసియె నికొలిచ్ అనే బహుముఖ ప్రజ్ఞావంతుడు 1840ల్లో ఈ లోయను ఉద్యానంగా తీర్చిదిద్దాడు. చెట్లు నాటించాడు, బాటలు వేయించాడు. బెల్‌గ్రేడ్ జనం ఆదివారాలు కాలక్షేపానికి రావడం మొదలుపెట్టారు. ఏకాంతం కోసం, ప్రాణభయంతో ఎంచుకున్న చోటు ఊరందరి విహారస్థలమైంది. 1852లో ఇక్కడ ఒక కోతమనిషి విగ్రహం పెట్టారు. చేతిలో కొడవలి ఉన్న స్త్రీ. రాజూ కాదు, సేనానీ కాదు, కోత కోసే ఆడమనిషి! బెల్‌గ్రేడ్ మొత్తంలో అతి పాత బహిరంగ శిల్పాల్లో ఇదొకటి.

ఆ మధ్యకాలంలో ఎక్కువ ఏళ్లు సెర్బియాను ఏలింది ఎవరో తెలుసా? 1842 నుంచి 1858 దాకా అలెక్సాందర్ కరాజోర్జెవిచ్. మిలోష్ ఎవరి తలను సుల్తానుకు పంపాడో ఆ కరాజోర్జె కొడుకు.

1858 చివర్లో సభ చేరి అలెక్సాందర్‌ను దింపి, మిలోష్‌ను వెనక్కి పిలిచింది. ఎనభైకి చేరువైన ముసలాయన 1859లో తిరిగొచ్చాడు. ఉద్యానంలో ఒక రాతి స్తంభం నిలిపించాడు. దేనికనుకున్నారు? తాను తిరిగొచ్చిన సందర్భానికి గుర్తుగా. తన రాకకు తానే స్తంభం! (నవ్వులు) ఈసారి మాత్రం టోప్చిదేర్ ఇంట్లోనే ఎక్కువగా ఉన్నాడు. 1860 సెప్టెంబరులో కన్నుమూసింది కూడా ఈ ఇంట్లోనే. ఆయన తరువాత వచ్చిన కొడుకు మిహాయిలోను 1868 జూన్‌లో ఈ పక్కనే ఉన్న కొషుత్‌న్యాక్ అడవిలో వాహ్యాళికి వెళ్లినప్పుడు కాల్చి చంపారు. కొషుత్‌న్యాక్ అంటే ఆడజింకల వనం. పేరెంత మెత్తగా ఉందో చూడండి.

ఆ తరువాత కథ తొందరగా చెప్పేస్తాను. 1884లో రైలు వచ్చింది, టోప్చిదేర్‌లో స్టేషను కట్టారు. యుగోస్లావియా అధినేత మార్షల్ టిటో ప్రయాణించిన నీలి రైలును ఇప్పటికీ అక్కడే భద్రపరిచారు. కొనాక్ మాత్రం మ్యూజియం అయింది. ఏ మ్యూజియం? మొదటి తిరుగుబాటుకు నూట యాభై ఏళ్లు నిండిన 1954లో ఆ తిరుగుబాటు చరిత్రనే ఈ ఇంట్లో పెట్టారు. అంటే కరాజోర్జె తిరుగుబాటు. చంపించినవాడి హాలులో చనిపోయినవాడి కీర్తి! ఆ తిరుగుబాటు ఎవరి మీదో వాళ్ల తరహాలో కట్టిన గోడల మధ్య, వాళ్ల భాషలోంచి వచ్చిన పేరున్న దివాన్‌హానా పక్కన. ఇప్పుడది సెర్బియా చారిత్రక మ్యూజియం ఆధ్వర్యంలో ఉంది. 1979 నుంచి అత్యున్నత శ్రేణి రక్షిత కట్టడం కూడా.

ప్రశ్నలకు ముందు ఆ చెట్టు గురించి చెప్పాలి. బొమ్మలో ఇంటి కంటే పెద్దగా కనిపిస్తున్నది అదే. దాన్ని ప్లేన్ చెట్టు అంటారు, అక్కడి పేరు ప్లాటన్. ఆకు అరచెయ్యి విప్పినట్టుంటుంది. బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడి, కింద లేత పసుపు, బూడిద రంగు మచ్చలు తేలుతాయి, పాత గోడకు సున్నం రాలినట్టు. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో నాటింది. ఎత్తు ముప్పై మీటర్లు దాటింది. మొదలు చుట్టూ చేతులు చాచి పట్టుకోవాలంటే నలుగురైదుగురు కావాలి. కొమ్మలు నిట్టనిలువుగా కాక, నేలకు సమాంతరంగా చాలా దూరం సాగాయి. వాటి బరువుకు అవే విరిగిపోకుండా ఇనుప ఊతలు పెట్టారు. నేను వెళ్లినప్పుడు ఒక ఊతకు ఆనుకుని ఇద్దరు పిల్లలు ఐస్‌క్రీం తింటున్నారు. ఇంటి లోపల చూడటానికి జనం పెద్దగా లేరు, ఇక్కడ మాత్రం బెంచీలన్నీ నిండి ఉన్నాయి.

ఇక మీ ప్రశ్నలు.

(సభలోంచి ఒకరు: "ఆ దివాన్‌హానాలో మీరు కూర్చున్నారా?")

లేదండీ. మ్యూజియంలో కూర్చోనివ్వరు కదా. అయినా కొలత తెలుసుకోవాలన్న పాడుబుద్ధి ఉంది కాబట్టి, ఎవరూ చూడకుండా కిటికీ ఎదుట మోకాళ్లు వంచి, కూర్చున్నవాడి ఎత్తుకు దిగాను. నిలబడ్డప్పుడు చెట్టు మొదలు మాత్రమే కనిపించింది. దిగాక కొమ్మల కింది నుంచి ఉద్యానంలోకి వచ్చే బాట కనిపించింది. అంతలో కాపలా ఆమె వచ్చి, ఏదైనా పోగొట్టుకున్నారా అని అడిగింది.